రూట్ కెనాల్ కావాలా వద్దా టెస్ట్ చేసి చెప్పే క్లినిక్ (కొత్తపేట, హైదరాబాద్)

విక్టోరియా మెమోరియల్ మెట్రో దిగి కొంచెం నడిస్తే వస్తుంది, ఫస్ట్ ఫ్లోర్, లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దోళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ముందే చూసుకోండి. అయినా నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఎందుకంటే ఇక్కడ నోరు తెరవగానే రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసేసి పూడ్చడం) అనరు.

నేనూ మా అత్తమ్మా ఇద్దరం చూపించుకున్నాం. నాకు కింద దవడ పన్ను పిప్పి పట్టింది, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. అంతకుముందు వేరే చోట (పేరు వద్దులెండి) నోరు మొత్తానికి ఒక పెద్ద ఎక్స్‌రే తీసి, అద్దం పెట్టి అలా చూసి, రూట్ కెనాల్ ప్లస్ క్యాప్, ఈ వారంలో చేయించుకుంటే డిస్కౌంట్ అని కాగితం చేతిలో పెట్టారు. పన్నుకి పండగ ఆఫర్ ఏంటో నాకైతే అర్థం కాలేదు, వచ్చేశా.

ఇక్కడ మేడం ముందు అడిగింది నొప్పి ఎంత ఉంది అని కాదు, ఎంతసేపు ఉంటుంది అని. దానంతట అదే వస్తుందా, ఏదైనా తగిలితేనే వస్తుందా, రాత్రి నిద్రలో లేపుతుందా, వేడికా చల్లకా, ఇవన్నీ అడిగాక చిన్న దూది ఉండ మీద ఏదో స్ప్రే కొట్టారు, అది మంచులా తెల్లగా అయింది, దాన్ని ముందు బాగున్న పక్క పన్ను మీద పెట్టారు. "చల్లగా తెలియగానే చెయ్యెత్తండి, పోగానే దించండి" అన్నారు. తర్వాత పిప్పి పన్ను మీద పెడితే ప్రాణం పోయినట్టయింది కానీ దూది తీసేయగానే రెండు మూడు సెకన్లలో పోయింది. అద్దం వెనక కాడతో పన్ను మీద టక్ టక్ అని కొట్టి చూశారు, నొప్పి లేదు. ఆ ఒక్క పన్నుకే చిన్న ఎక్స్‌రే తీసి స్క్రీన్ మీద చూపించారు, పిప్పి నరానికి దగ్గరగా వెళ్ళింది కానీ లోపలికి పోలేదు, వేరు చివర నల్లగా ఏం లేదు. చల్లదనం తీసేశాక కూడా అర నిమిషం అలా లాగుతూ ఉంటే అప్పుడు నరం కోలుకోదు అని లెక్కట, నాది అలా లేదు కాబట్టి పిప్పి తీసి కింద కాల్షియం మందు పెట్టి ఫిల్లింగ్ చేశారు. తర్వాత నరం పాడయ్యే ఛాన్స్ లేకపోలేదు, నొప్పి మొదలైతే రండి అని కూడా చెప్పారు, గ్యారంటీ అని మాత్రం అనలేదు. నాకు ఆ మాటే నచ్చింది.

అత్తమ్మ కేస్ పూర్తిగా వేరే. ఆమెకి ముందు ఛాయ్ తాగితే మొదలై చాలాసేపు పీకేది, పడుకుంటే ఇంకా ఎక్కువ, చల్లనీళ్ళు పుక్కిట పట్టుకుంటే కాస్త తగ్గేది, పైనో కిందో ఏ పన్నో కూడా చెప్పలేకపోయేది. లవంగం నూనె, మెడికల్ షాపు గోళీలు అన్నీ అయ్యాయి. ఆ తర్వాత ఒకరోజు నొప్పి మొత్తం పోయింది. ఇంక చూడండి, "తక్కువైంది కద బిడ్డా, ఇంకెందుకు పైసలు దండగ" అని మొదలుపెట్టింది. మేము బతిమాలి తీసుకెళ్ళాం.

అదే దూది పెడితే ఆమెకి ఆ పన్ను మీద ఏమీ తెలియలేదు, పక్క పన్ను మీద తెలిసింది. కాడతో కొడితే మాత్రం "అబ్బా" అని మేడం చెయ్యి పట్టుకుంది. ఎక్స్‌రేలో వేరు చివర నల్లటి మచ్చ. "అమ్మా, నొప్పి పోయింది నరం బాగై కాదు, చచ్చిపోయి, ఇన్ఫెక్షన్ కిందికి ఎముకలోకి దిగింది" అని ఆమెకే స్క్రీన్ చూపించి చెప్పారు. రూట్ కెనాల్ లేదంటే పన్ను పీకేయడం, రెండే దారులు, రెండిటి ఖర్చూ చెప్పారు. వాపు, జ్వరం లేవు కాబట్టి యాంటీబయాటిక్ రాయలేదు, గోళీలు మింగితే చచ్చిన నరం లోపల్నించి బయటికి రాదు కదా అన్నారు. చేసేటప్పుడు పన్ను చుట్టూ రబ్బరు షీట్ కట్టారు, ఉమ్ము లోపలికి పోకుండా అంట. అత్తమ్మకి అది ఇష్టం లేదు, ఊపిరాడట్లేదని చేతులు ఊపుతూనే ఉంది, కానీ మత్తు ఇచ్చాక నొప్పి మాత్రం లేదంది.

ఇంక స్టార్ ఎందుకు తగ్గించానంటే, క్యాప్ ఖర్చు. రూట్ కెనాల్ రేటు ముందే చెప్పారు గానీ దవడ పన్నుకి క్యాప్ తప్పదని, మెటల్ సిరామిక్‌కి ఒక రేటు, జిర్కోనియాకి ఇంకో రేటు అని పని సగం అయ్యాక రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది. మీరు మొదటిరోజే క్యాప్‌తో కలిపి మొత్తం ఎంతవుతుందో రాయించుకోండి. మన హెల్త్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి ఇలాంటివి కవర్ కావు కాబట్టి జేబులోంచే. అంత పెట్టలేనివాళ్ళకి అఫ్జల్‌గంజ్‌లో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, లైన్లో ఓపిగ్గా కూర్చోవాలి అంతే.

అపాయింట్‌మెంట్ టైమ్ పేరుకే, సాయంత్రం అయితే గంట కూర్చోబెడతారు, పొద్దున వెళ్ళండి. బండి పెట్టుకోడానికి జాగా లేదు.

అత్తమ్మ క్యాప్ ఇంకా ల్యాబ్ నుంచి రాలేదు, ప్రస్తుతానికి టెంపరరీ ఫిల్లింగ్ మీద ఆ పక్క నమలొద్దన్నారు, ఆమె మాత్రం నిన్న సకినాలు ఆ పక్కే నమిలింది. క్యాప్ సరిగ్గా కూర్చుందో లేదో పెట్టాక రాస్తా.