పావు అంగుళం తేడా: సూయల్ మేలా, స్లేటర్ మేలా?

అమెరికా వచ్చిన కొత్తలో ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తుంటే మనందరి కళ్ళూ బంతి వెంటే పోతాయి. నావీ అంతే. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డుగోడలా నిలబడే అయిదుగురి పేర్లు తెలుసుకోడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. వాళ్ళ ఖాతాలో పరుగులుండవు, వికెట్లుండవు. తప్పు చేసినప్పుడే కామెంటేటర్ నోట పేరు వినిపిస్తుంది. కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌కి వచ్చే ఇలాంటి ఆటగాణ్ణి, అంటే ఆఫెన్సివ్ లైన్‌మన్‌ని, అంచనా వేయడం అందుకే తలనొప్పి. అంకెలు చూసి చెప్పలేం, వీడియో ముందు కూర్చుని వాడి కాళ్ళు చూడాలి.

డ్రాఫ్ట్ అంటే కాలేజీ ఆటగాళ్ళని టీములు వరసగా ఎంచుకునే పద్ధతి. 2021 డ్రాఫ్ట్‌లో ఇద్దరు లెఫ్ట్ టాకిళ్ళ మీద, అంటే ఆ అయిదుగురిలో ఎడమ చివర నిలబడేవాళ్ళ మీద, ఇదే చర్చ నడిచింది. ఒకడు ఆరిగన్ యూనివర్సిటీ కుర్రాడు పెనే సూయల్, ఇంకొకడు నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ కుర్రాడు రషాన్ స్లేటర్. కోవిడ్ వల్ల ఇద్దరూ 2020 సీజన్ ఆడలేదు. టీములన్నీ 2019 వీడియోలనే తిప్పి తిప్పి చూసుకున్నాయి.

ముందు కొలతలు. సూయల్ 6 అడుగుల 5 అంగుళాలు, 331 పౌండ్లు, అంటే 150 కిలోలు. స్లేటర్ ఎత్తు ఇంచుమించు అంతే గానీ బరువు 304 పౌండ్లు, 138 కిలోలు. సూయల్ చెయ్యి పొడవు 33 అంగుళాల పావు, స్లేటర్‌ది 33. టాకిల్‌కి 34 అంగుళాల చెయ్యి ఉండాలని ఆటగాళ్ళని అంచనా వేసే స్కౌట్లలో ఒక లెక్క ఉంది. చెయ్యి పొడుగైతే ఎదుటివాడు మనల్ని పట్టుకునేలోపే వాడి ఛాతీ మీద మన చెయ్యి పడుతుంది. ఆ లెక్కన ఇద్దరూ ఫెయిలే. కానీ "చేతులు చిన్నవి, లోపలికి జరిపి, టాకిల్ పక్కన నిలబడే గార్డ్‌గా ఆడించాలి" అన్న మాట మాత్రం స్లేటర్‌కే అంటుకుంది. పావు అంగుళమంటే చిటికెన వేలి గోరు వెడల్పు కూడా ఉండదు! సూయల్ చూడగానే గోడలా కనిపిస్తాడు, స్లేటర్ కనిపించడు. అసలు సంగతి అదీ.

స్లేటర్ గురించి తెలియాలంటే 2019 అక్టోబర్‌లో ఒహాయో స్టేట్‌తో ఆడిన మ్యాచ్ చూడాలి. నార్త్‌వెస్టర్న్ 52-3తో చిత్తుగా ఓడింది. అయినా ఆ రాత్రి స్లేటర్ విలువ పెరిగింది. ఎదురుగా ఉన్నది చేస్ యంగ్. తర్వాతి ఏడాది డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో పోయినవాడు, 2019 సీజన్‌లో 16.5 సాక్‌లు చేసినవాడు. సాక్ అంటే క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే వాణ్ణి పడగొట్టడం. ఆ యంగ్‌కి స్లేటర్ మీద ఒక్క సాక్ కూడా దొరకలేదు. ఎలా ఆపాడో చూడండి. కబడ్డీ బాగా చూసేవాళ్ళకి తెలుసు, కార్నర్‌లో ఉన్నవాడు తొందరపడి దూకితే రైడర్ జారిపోతాడు. స్లేటర్ తొందరపడడు. చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరుగుతాడు, నడుము కిందికే ఉంచుతాడు, యంగ్ ఎటు తిరుగుతాడో తేలాకే చెయ్యి వేస్తాడు. అలాంటప్పుడు చెయ్యి పొడవెంతన్నది పెద్ద విషయం కాదు.

సూయల్ లెక్క వేరు. 19 ఏళ్ళకే, రెండో ఏడాది చదువుతూ, దేశంలో అత్యుత్తమ లైన్‌మన్‌కిచ్చే అవుట్‌లాండ్ ట్రోఫీ కొట్టాడు. అమెరికన్ సమోవాలో పుట్టినవాడు. అంత శరీరమేసుకుని పది పన్నెండు గజాలు పరుగెత్తి, అక్కడ ఎదుటి జట్టు లైన్ వెనక కాపు కాసే లైన్‌బ్యాకర్‌ని గుద్ది పక్కకి తోసేస్తాడు. బంతి విసరకుండా పట్టుకుని పరుగెత్తే రన్ ఆట ఆడించే కోచ్‌కి ఇంతకంటే ఏం కావాలి! లోపాలు లేవని కాదు. చేతులు ఒక్కోసారి వెడల్పుగా పడతాయి, తప్పటడుగు వేసినా బలంతో నెట్టుకొస్తాడు. కాలేజీలో అది చెల్లుతుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అన్నిసార్లూ చెల్లదు. అనుభవంలోనూ స్లేటర్‌దే పైచేయి. రెండేళ్ళు రైట్ టాకిల్‌గా ఆడి లెఫ్ట్‌కి వచ్చాడు. సూయల్‌కి లెఫ్ట్ తప్ప వేరేది తెలియదు.

డెట్రాయిట్ లయన్స్ సూయల్‌ని ఏడో స్థానంలో తీసుకుంది. రైట్‌కి మార్చగానే, సీజన్‌కి ముందు ఆడే ప్రీసీజన్ మ్యాచ్‌ల్లో తడబడ్డాడు. అలవాటైన చెయ్యీ కాలూ ఒక్కసారిగా తారుమారైతే ఎవరికైనా అంతే. స్లేటర్‌ని లాస్ ఏంజిలెస్ చార్జర్స్ 13వ స్థానంలో తీసుకుంది. అతని మొదటి ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లోనే ఎదురైంది మళ్ళీ చేస్ యంగ్. ఆ రోజు కూడా స్లేటర్ మీద యంగ్‌కి సాక్ లేదు. గార్డ్ అన్న మాట ఆ తర్వాత పెద్దగా వినపడలేదు.

తమాషా ఏంటంటే, ఈ ఇద్దరి వెనకా నిలబడి ఆడినవాడు ఒకడున్నాడు, క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ హెర్బర్ట్. ఆరిగన్‌లో సూయల్ కాపాడింది అతన్నే, చార్జర్స్‌లో స్లేటర్ కాపాడుతున్నదీ అతన్నే. ఏది మేలో అతన్నే అడగాలి, కానీ పాపం ఎలా చెబుతాడు!

నన్నడిగితే, వచ్చే ఆదివారమే ఆడించాలంటే స్లేటర్‌ని తీసుకుంటాను. పదేళ్ళ కోసమైతే సూయల్. డ్రాఫ్ట్ నాటికి సూయల్‌కి 20, స్లేటర్‌కి 22. అడుగులు నేర్పొచ్చు, 150 కిలోల ఒంటికి ఆ వేగం ఎవరూ నేర్పలేరు. టీములు రెండో ప్రశ్నకే జవాబు వెతుకుతాయి కాబట్టి నా ఓటూ సూయల్‌కే.

గాయాల సంగతి కూడా చెప్పాలి. కాలేజీ రికార్డు చూస్తే భయపడాల్సింది సూయల్ గురించే, 2018లో చీలమండ దెబ్బతో కొన్ని మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. జరిగింది వేరు. స్లేటర్‌కి 2022లో మూడో మ్యాచ్‌కే చేతి కండరం తెగింది. 2025 జూలైలో నాలుగేళ్ళకి 11.4 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ వచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే ప్రాక్టీస్‌లో మోకాలి దగ్గర టెండన్ తెగి సీజన్ మొత్తం పోయింది. ఇది ఏ స్కౌట్ ముందే చెప్పగలడు?

సూయల్ రైట్ టాకిల్‌గా కుదురుకుని 2023, 2024లో ఆల్-ప్రో (లీగ్‌లో ఆ ఏటి అత్యుత్తముల జాబితా) మొదటి జట్టులోకి వచ్చాడు. నాకు గుర్తుండేది మాత్రం 2022 డిసెంబర్‌లో మిన్నెసోటాతో మ్యాచ్. చివర్లో రెండు నిమిషాల ఆట ఉంది, బంతి తమ దగ్గరే ఉండాలంటే ఏడు గజాలు కావాలి. ఎప్పుడూ బంతి ముట్టని మనిషి లైన్ వదిలి పక్కకి పరుగెత్తాడు. క్వార్టర్‌బ్యాక్ బంతి అతనికే విసిరాడు, పట్టుకున్నాడు, తొమ్మిది గజాలు వచ్చాయి. ఆ ఒక్కసారి బంతిని చూస్తున్నవాళ్ళందరికీ లైన్‌మన్ కనిపించాడు.