శుక్లాల ఆపరేషన్ లెన్సులు: ఏడేళ్ళు వాడాక ఒక టైలర్ చెప్తున్న మాట

నాకు కుడి కంటికి 2018 జనవరిలో, ఎడమ కంటికి 2019 నవంబర్లో ఆపరేషన్ అయింది. రెండు కళ్ళలో ఉన్నవి వేరే వేరే లెన్సులు, పవర్ లెక్క కూడా ఒకదానికి ఒకటి సంబంధం లేదు. ఆపరేషన్ అయిన వారానికి ఎవర్ని అడిగినా అబ్బ ఎంత బాగా కనపడుతుందో అనే చెప్తారు, నేనూ అదే చెప్పా, కానీ అసలు సంగతి మళ్ళీ పనిలో కూర్చున్నాకే తెలుస్తుంది. అందుకే ఇన్నేళ్ళాగి రాస్తున్నా.

నేను తెనాలిలో ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నా. నా కంటికి శుక్లం పొర వచ్చిందని నాకు మసకతో తెలియలేదు, దారంతో తెలిసింది. ఒకావిడ తెల్ల జాకెట్ చేతులకి హెమ్మింగ్ చేసి ఇస్తే పక్కరోజు వెనక్కి తెచ్చి, ఏంటక్కా క్రీమ్ దారంతో కుట్టావు అంది. నాకు అది తెల్లగానే కనపడుతుంది. నేను ఒప్పుకోలేదు కూడా, లైటు కింద పెట్టి మరీ చూశా, తెలుపే. కుడి కన్ను ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చి రీళ్ళ డబ్బా తీస్తే, తెలుపు అని విడిగా పెట్టుకున్న నాలుగు రీళ్ళలో రెండు క్రీమే. ఆ సాయంత్రమే ఆవిడకి ఫోన్ చేసి చెప్పా. పొర ముదిరేకొద్దీ కంట్లో మనకి పుట్టుకతో ఉండే లెన్స్ పసుపు పచ్చగా అవుతుంది, అది మెల్లగా జరుగుతుంది కాబట్టి మనకి తేడా పట్టదు, అని తర్వాత డాక్టర్ గారు చెప్పారు.

ఇంకో సంగతి, ఆపరేషన్‌కి ముందు రెండేళ్ళు నాకు దగ్గర చూపు బాగైపోయింది, కళ్ళజోడు లేకుండానే సూదిలో దారం ఎక్కించేదాన్ని. అందరూ నీ కళ్ళు భలే ఉన్నాయే అనేవాళ్ళు. అది కూడా పొర పనేనట, కొంతమందికి లెన్స్ గట్టిపడుతూ మైనస్ పవర్ వస్తుంది, దూరం పోయి దగ్గర తేటపడుతుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే మొదటి కంటికి నేను దెబ్బతిన్నది ఇక్కడే.

ఆ హాస్పిటల్లో కౌన్సిలింగ్ టేబుల్ దగ్గర ఒక అమ్మాయి రేట్ల కాగితం పెట్టింది. ఇండియన్ లెన్స్, ఫారిన్ లెన్స్, మల్టీఫోకల్ అంటే దగ్గరికీ దూరానికీ రెండిటికీ పనికొచ్చేది. 18 వేలు, 32 వేలు, 75 వేలు. ఏది కావాలి అంది, అంతే. నువ్వేం పని చేస్తావు, కళ్ళజోడు పెట్టుకోవడం నీకు ఇబ్బందా అని ఒక్కళ్ళూ అడగలేదు. నేను 18 వేలది తీసుకున్నా. కట్టు విప్పాక రోడ్డు అవతల ఉన్న బస్సు బోర్డు చదివేశా, కానీ చేతిలో సూది కనపడలేదు. దూరానికి సెట్ చేశారు, మోనోఫోకల్ అంటే ఒక్క దూరానికే తేట. అంతవరకు జోడు లేకుండా కుట్టినదాన్ని ప్లస్ రెండున్నర పెట్టుకుంటేగానీ కాజా కుట్టలేకపోయా. ఎవరో కొలతలివ్వడానికి వస్తే జోడు తీసి మొహం చూడటం, మళ్ళీ పెట్టి కుట్టడం, రోజుకి నలభై సార్లు. ఆ ఏడాది నేను పడిన విసుగు నాకే తెలుసు.

లెన్స్‌ని మాత్రం ఒక్క మాట అనను. అది మదురైలో ఆరోలాబ్ వాళ్ళు చేసింది, 1992 నుంచి చేస్తున్నారు, వాళ్ళు రావడం వల్లే మన దేశంలో లెన్స్ ధర సామాన్యుడికి అందింది. ఏడేళ్ళు దాటింది, తేట తగ్గలేదు. ఇండియన్ అనగానే తక్కువరకం అనుకునేవాళ్ళకి నా కుడి కన్నే జవాబు. తప్పు లెన్స్‌ది కాదు, అడగాల్సిన ప్రశ్న అడగకపోవడంది.

ఎడమ కంటికి గుంటూరులో వేరే డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళా. ఆయన మొదటి మాటే, "ఏం పని చేస్తావమ్మా?" అన్నారు. చెప్పగానే "నీ పని నీ కంటికి ఎంత దూరంలో ఉంటుందో టేపు పెట్టి కొలుచుకుని రా" అన్నారు. ఇంటికెళ్ళి మా కోడలిచేత కొలిపించా. మిషన్ మీద సూది 50 సెంటీమీటర్లు, హెమ్మింగ్ చేసేటప్పుడు గుడ్డ 38, టీవీ తొమ్మిది అడుగులు. కాగితం చూసి ఆయన లెక్క చెప్పారు, వందని పవర్‌తో భాగిస్తే తేటగా కనపడే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. ఆపరేషన్ తర్వాత కంటికి మైనస్ రెండు పవర్ మిగిలేలా లెన్స్ పెడితే 50, మైనస్ రెండున్నర మిగిలిస్తే 40. ఇంత సులువైన లెక్క మొదటిసారి ఎవరూ ఎందుకు చెప్పలేదా అని నాకు నిజంగా బాధేసింది. కుడి కన్ను దూరానికి, ఎడమ కన్ను దగ్గరికి, దీన్ని మోనోవిజన్ అంటారు. అందరికీ పడదట, కొంతమందికి తల తిరుగుతుంది, అందుకని ముందే ట్రయల్ ఫ్రేమ్‌లో అద్దాలేసి అరగంట హాస్పిటల్లో అటూ ఇటూ నడిపించారు, మెట్లు ఎక్కించారు. నాకు పడింది, మైనస్ రెండుకి ఒప్పుకున్నాం.

లోపల పెట్టేముందు కంటి పొడవు కొలుస్తారు, మామూలుగా 23, 24 మిల్లీమీటర్లుంటుంది. అందులో ఒక్క మిల్లీమీటరు తప్పు వస్తే దాదాపు రెండున్నర పవర్ తేడా పడుతుందట. జాకెట్‌కి అంగుళం తప్పితే కుట్లు విప్పుకోవచ్చు, కన్ను అలా కాదుగా, కాబట్టి ఆ పరీక్ష దగ్గర తొందరపెట్టకండి, తల కదపకుండా కూర్చోండి, అనుమానముంటే రెండోసారి కొలవమని అడగండి. ఈ లెన్స్ ఎలా ఉంటుందో కూడా ఆయన చూపించారు. మగ్గం వర్క్‌లో కుట్టే పెద్ద చమ్కీ ఉంటుంది చూడండి, అంత, ఆరు మిల్లీమీటర్లు, గాజులా ఉండి రెండు పక్కల కొక్కేల్లాంటి సన్నటి కాళ్ళు. మడిచి చిన్న గాటులోంచి పంపిస్తే లోపల విచ్చుకుంటుంది.

ఇప్పుడు నా రోజు ఎలా ఉందంటే, మిషన్ మీద పని, కూరగాయలు తరగడం, ఫోన్, అన్నీ జోడు లేకుండానే. అలవాటవడానికి మూడు వారాలు పట్టింది, మొదట్లో గ్లాసులో నీళ్ళు పోస్తుంటే బయట పడేవి. హుక్సుల పని, మగ్గం పూసల పని పొద్దస్తమానం ఉంటే ప్లస్ ఒకటి జోడు పెట్టుకుంటా. రాత్రిపూట రోడ్డు మీదకి వెళ్తే దూరపు జోడు తప్పనిసరి, ఎడమ కన్ను దూరానికి మసకే కదా.

ఒక్క లోటు నా ఎడమ లెన్స్‌లో ఉంది. అది ఆల్కాన్ వాళ్ళది, లేత పసుపు రంగు కలిపిన రకం. రెండు కళ్ళు తెరిచి ఉంటే ఏమీ తెలియదు, ఒక్కో కన్ను మూసి చూస్తే మాత్రం తెల్ల దారం ఎడమ కంటికి పిసరంత పసుపుగా కనపడుతుంది. పట్టుచీరకి దారం మ్యాచ్ చేసేటప్పుడు నేను జోడు పెట్టుకుని కుడి కంటితోనే ఖాయం చేసుకుంటా. రంగులతో పని ఉన్నవాళ్ళు రెండో కంటికి వెళ్ళేటప్పుడు మొదటి కంట్లో ఉన్నది పసుపుదా, రంగు లేనిదా అని లెన్స్ కార్డు (ఏ లెన్స్ పెట్టారో రాసి ఇచ్చే కార్డు) చూసి ఒకే రకం అడగండి. నాకు ఆ కార్డు సంగతే తెలియదు, మొదటిసారి బిల్లులతో పాటు పెట్టెలో పడేశా.

2021లో కుడి కన్ను మళ్ళీ మసకేసింది. భయపడిపోయా, లెన్స్ పాడైందనుకున్నా. లెన్స్ వెనకాల ఉండే సంచికి పొర పట్టిందట, చాలామందికి వస్తుంది, యాగ్ లేజర్‌తో ఐదు నిమిషాల్లో తీసేశారు. నొప్పి లేదు.

మల్టీఫోకల్ గురించి నేను వాడకుండా చెప్పకూడదు గానీ మా అన్నయ్య రెండు కళ్ళకీ అదే పెట్టించుకున్నాడు కాబట్టి ఆయన చెప్పింది రాస్తున్నా. పేపర్, ఫోన్, టీవీ, దేనికీ జోడు లేదు, చాలా సంతోషంగా ఉన్నాడు. కానీ రాత్రి ఎదురొచ్చే లైట్ల చుట్టూ చక్రాల్లా కనపడతాయి, ఏడాదికి కొంత తగ్గాయి, పోలేదు. ఇప్పటికీ చీకటిపడితే బండి కొడుకుకే ఇస్తాడు. వచ్చే వెలుతురునే దగ్గరికి, దూరానికి పంచుతుంది కాబట్టి మసక వెలుతురులో చూపు కొంచెం పలుచగా ఉంటుందట. మా వదినకి షుగర్ వల్ల రెటీనా దెబ్బతింది, ఆవిడ డబ్బులు ఎంతైనా కడతానన్నా డాక్టర్ మల్టీఫోకల్ వద్దనే చెప్పారు, అలా చెప్పినాయన్ని నేను గౌరవిస్తా.

ఇన్సూరెన్స్ ఉంటే ముందే పేపర్లు చూసుకోండి, చాలా పాలసీల్లో శుక్లాలకి రెండేళ్ళ వెయిటింగ్, కంటికి ఇంత అని లిమిట్ ఉంటాయి. నాకు ఎడమ కంటికి సగమే వచ్చింది.

మా చెల్లెలికి వచ్చే నెలలో ఆపరేషన్. తను కుట్టదు, ఎక్కువగా పుస్తకం చదువుకుంటుంది, వంటింట్లో ఉంటుంది. మొన్న ఆదివారం దాన్ని కూర్చోబెట్టి నా టేపుతోనే కొలిచా, పుస్తకం 40, పొయ్యి మీద గిన్నె 65, గుళ్ళో తను నిలబడే చోటు నుంచి అమ్మవారి మొహం పన్నెండు అడుగులు. కాగితం మీద రాసి దాని పర్సులో పెట్టా.