టైర్ల మధ్య బిగించే చాక్‌లు: చాలాకాలం వాడాక

మా ట్రావెల్ ట్రైలర్‌కి (వాహనం వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) కొన్న సామానంతటిలో నాకు బాగా నచ్చినవి, ఒకే వైపు ముందూ వెనకా ఉండే రెండు టైర్ల మధ్య పెట్టి రెంచితో బిగించే ఈ చాక్‌లు, అంటే చక్రాలు కదలకుండా పెట్టే అడ్డులు. బండిని సమంగా నిలబెట్టే లెవలింగ్ దిమ్మెలు, ఊగకుండా నాలుగు మూలలా నేలకి దించే జాక్‌ల సంగతి అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను.

ఇవి లేనప్పుడు జాక్‌లు ఎంత బిగించినా, లోపల ఎవరు నడిచినా ట్రైలర్ ముందుకూ వెనక్కూ కదిలేది. టైరు కింద పెట్టే మామూలు చాక్ బండి దొర్లిపోకుండా ఆపుతుందే కానీ, చక్రం ఆ కాస్త అటూ ఇటూ తిరగడాన్ని ఆపదు. ఇవి రెండు టైర్లనూ చెరోవైపు నెట్టి పట్టేస్తాయి.

గుంటూరు నుంచి వచ్చిన అమ్మని టెక్సస్‌లోని పాలో డ్యూరో కాన్యన్‌కి తీసుకెళ్లాం. అమ్మకి కళ్లు తిరిగే సమస్య ఉంది. అంతకుముందు ట్రిప్‌లో రాత్రి పిల్లలు బాత్రూంకి లేచినప్పుడల్లా "ఊగుతోందిరా" అంటూ లేచి కూర్చునేది, నాకూ టెన్షనే. ఈసారి ఒకవైపు చక్రాలు దిమ్మెల మీదికి ఎక్కించి, మామూలు చాక్‌లు పెట్టి, హిచ్ (ట్రైలర్‌ని వాహనానికి తగిలించే కొక్కెం) విప్పి, ట్రైలర్ ముందు కొసన ఉండే టంగ్ జాక్‌తో రసమట్టంలో బుడగ మధ్యకి తెచ్చాకే వీటిని బిగించాను. జాక్‌లు దించింది ఆ తర్వాతే. రాత్రంతా గాలి వీచినా అమ్మ తెల్లారేదాకా లేవలేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ, "కింద స్తంభాలేమన్నా పాతావా?" అని అడిగింది. ఎంత సంతోషమేసిందో!

అయితే ఒకసారి బిగిస్తే పని అయిపోయినట్టు కాదు. ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారన్‌హీట్ మారితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) మారుతుంది. సాయంత్రం చల్లబడ్డాక ఇవి వదులవుతాయి, మళ్లీ బిగించాలి. ఎండెక్కక ముందే కొంచెం వదులు చేస్తాను, లేకపోతే టైర్ల మీద ఒత్తిడి. కిందికీ పైకీ ఊగడాన్ని ఇవి అంతగా ఆపవు. వాన పడి ఎర్రమట్టి మెత్తబడితే జాక్‌ల కాళ్లు దిగబడతాయి, దానికి చెక్కపలకలే దిక్కు. మరలకి తుప్పు కూడా పట్టింది. గ్రీజు రాస్తూ ఉండాలి.

మాది రెండు ఇరుసుల బండి, ఎక్కడికెళ్లినా మూడు నాలుగు రోజులు ఉంటాం, ఇంట్లో పెద్దవాళ్లున్నారు. అందుకే మాకింత ఉపయోగం. ఒక్క రాత్రి ఆగి వెళ్లిపోయేవాళ్లకి ఈ శ్రమ దండగ అనిపించవచ్చు. ఒకే ఇరుసు ఉంటే అసలు పనికిరావు. కొనేముందు మీ టైర్ల మధ్య ఖాళీ ఎంతుందో కొలుచుకోండి.