ఆన్‌లైన్ క్రిమినల్ జస్టిస్ కోర్సు: మార్కులు ఎక్కడ వేస్తారు, ఎక్కడ కోస్తారు

వీడియోలు ఆన్ చేసి పక్కన పెట్టి, మన పని మనం చూసుకుంటే సర్టిఫికెట్ వచ్చేస్తుందనుకునేవాళ్లు ఇందులో చేరకండి. ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఇంగ్లీషులో నడిపే ఆరు నెలల కోర్సు ఇది. పేరు ఎందుకులెండి. ఫీజు 8,000.

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో వకీలు గుమాస్తాని. వకాలత్‌నామాలు, వాయిదాలు, సర్టిఫైడ్ కాపీలు, ఇదీ నా పని. తెలుగు కక్షిదారులు వస్తే ఒడియా ఎఫ్‌ఐఆర్ చదివి చెప్పేదీ నేనే. కోర్సులో చేరానంటే మా ప్లీడరు గారు, "ఏటయ్యా, ఇప్పుడు నీకు మార్కులేటి?" అని నవ్వారు. ఈ సర్టిఫికెట్‌తో నల్లకోటు రాదు, అందుకు ఎల్‌ఎల్‌బీ చెయ్యాల్సిందే. రోజూ పట్టుకు తిరిగే కాగితాల్లో ఏముందో తెలుసుకుందామని చేరాను.

మార్కుల సంగతి. క్విజ్‌లకు 20, చర్చల్లో రాసినదానికి 20, రెండు కేసు బ్రీఫ్‌లకు (అంటే ఒక తీర్పును కుదించి రాసే నోటు) 30, చివరి పరీక్షకు 30. ఐఐటీలు ఆన్‌లైన్‌లో నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు చేసినవాళ్లకు అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 అలవాటు. ఇక్కడ అది తిరగబడింది. ఆఖరి వారం రాత్రులు మేలుకుని గట్టెక్కుదామంటే కుదరదు. ఏది ఆలస్యమైనా రోజుకు 10 శాతం కోత. కారణం ముందే మెయిల్ చేస్తే మాత్రం వింటారు.

చర్చలో బుధవారం లోపు సొంతంగా 250 పదాలు రాయాలి, ఆదివారం లోపు మరో ఇద్దరికి జవాబు ఇవ్వాలి. "బాగా రాశారు, నేనూ ఏకీభవిస్తున్నాను" అంటే సున్నా. మంచి పనే. కానీ క్లాసంతా ఒకే ప్రశ్న మీద పడితే ఆఖరున వచ్చినవాడు కొత్తగా ఏం చెబుతాడు? సోమవారమే రాసేసినవాడిది రాజ్యం.

డబ్బు గిట్టేది కేసు బ్రీఫ్‌ల దగ్గర. ఒక్కోటి 15 మార్కులు: వాస్తవాలకు 3, అసలు ప్రశ్నకు 3, కోర్టు చెప్పిన కారణాలకు 6, మన అభిప్రాయానికి 3. నాకు డి.కె. బసు కేసు వచ్చింది, అరెస్టులో పోలీసులు ఏమేం పాటించాలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు. నేను ‘అరెస్టు చేశారు’ అని రాసిన వాక్యం పక్కన బ్రీఫ్ దిద్దిన మేడం రాసింది ఇదీ: "ఎవరు, ఎన్ని గంటలకు, ఏ కాగితం మీద?" మొత్తం కోర్సులో నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న అదే. అరెస్టు చేసినప్పుడు పోలీసులు రాసే కాగితం, అంటే అరెస్టు మెమోలో తేదీ, సమయం ఉండాలి, కనీసం ఒక సాక్షి సంతకం ఉండాలి, పట్టుబడినవాడి సంతకమూ ఉండాలి. మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి ఉన్న 24 గంటలు అరెస్టు చేసిన సమయం నుంచే లెక్క. దారిలో పట్టే సమయం అందులో కలవదు. మోహనా వైపు కొండల్లోంచి మనిషిని తెచ్చారంటే ఈ దారి లెక్క చిన్నదేం కాదు. ఇప్పుడు కాగితం చేతికొస్తే పేరుకంటే ముందు గంట చూస్తున్నాను.

రెండో బ్రీఫ్‌లో మాత్రం ఒళ్లు మండింది. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టారు. సెక్షన్‌ని ఉన్నదున్నట్టు రాస్తే అదీ కాపీయేనట! చట్టాన్ని సొంత మాటల్లో రాస్తే ఏ కోర్టు ఒప్పుకుంటుంది? కొటేషన్ గుర్తులు పెట్టాక కూడా ఎర్రగీత పోలేదు. మెయిల్ పెడితే మార్కు సరిచేశారు, ఆ సాఫ్ట్‌వేర్‌ని మాత్రం అలాగే వదిలేశారు.

క్విజ్‌లు అంతకంటే అన్యాయం. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ ఏదంటే ఐపీసీ 302 సరైన జవాబట. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది, అందులో అది 103. అలాగని 302 తప్పూ కాదు, ఆ తేదీకి ముందు జరిగిన హత్యకు ఇప్పటికీ అదే. అంటే నేరం ఎప్పుడు జరిగిందో చెప్పకుండా అడిగితే ఆ ప్రశ్నకు జవాబే లేదు. మా కోర్టులో రెండు రకాల కేసులూ నడుస్తున్నాయి, ఏ గుమాస్తాని అడిగినా చెబుతాడు. వీళ్ల ప్రశ్నల బ్యాంకులో సగం పాతవే. ఎలక్ట్రానిక్ సాక్ష్యం సర్టిఫికెట్‌కి కూడా పాత సాక్ష్య చట్టంలోని 65బీ సెక్షనే పెట్టారు, దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది 63 అయింది.

చివరి పరీక్ష వెబ్‌క్యామ్ ముందు. మా అమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి "అన్నం పెట్టేయమంటావేట్రా?" అన్నందుకు ‘గదిలో మరో మనిషి’ అని హెచ్చరిక వచ్చింది. ఆ టెన్షన్‌లో రెండు ప్రశ్నలు చదివినవే మళ్లీ చదివాను. ప్రశ్నలు మాత్రం బాగున్నాయి: ఒక చిన్న సంఘటన ఇచ్చి, సోదాలో ఏం వీడియో తియ్యాలి, ఫోరెన్సిక్ వాళ్లు ఎప్పుడు రావాలి అని అడిగారు. బట్టీ పట్టినవాళ్లకు కష్టం.

చేరేముందు రెండు అడగండి. ఒకటి, మార్కులు వేసి దిద్దిన పాత బ్రీఫ్ ఒకటి చూపించమనండి. రెండు, క్విజ్ కొత్త చట్టాల మీదా పాతవాటి మీదా అని రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో అన్నీ అవుననే అంటారు.

సర్టిఫికెట్ మెయిల్‌లో పీడీఎఫ్‌గా వచ్చింది. కాగితం మీద కావాలంటే ఇంకో 500 అన్నారు. కోర్టు ఎదురుగా జెరాక్స్ కొట్లో కలర్ ప్రింటు తీయించుకున్నాను.