బ్రెస్ట్ పంప్ కొనాలా వద్దా? ఏడాదికి పైగా వాడాక నా అభిప్రాయం

నన్నడిగితే బ్రెస్ట్ పంప్, అంటే రొమ్ముపాలు తీసే మిషన్, డెలివరీకి ముందే కొనొద్దు. సీమంతానికి గిఫ్టుగా ఇస్తామని ఎవరైనా అంటే డైపర్లు ఇమ్మనండి. బిడ్డ పుట్టి, పాలు పడి, రొమ్ము సరిగ్గా పట్టుకుంటోందో లేదో చూసుకుని, మీరు మళ్లీ ఉద్యోగానికి ఎప్పుడు వెళ్లాలో తేలాక ఆర్డర్ పెట్టినా రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. రోజంతా బిడ్డ పక్కనే ఉండేవాళ్లకి అసలు అవసరమే రాకపోవచ్చు. చేత్తో పాలు పిండుకోవడం వస్తే చాలు, ఆస్పత్రిలో ఉండగానే నర్సుని అడిగితే చూపిస్తారు. నెలలు నిండకుండా పుట్టి ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్న బిడ్డయితే సంగతి వేరు. పుట్టిన రోజు నుంచే పాలు తీయాల్సి వస్తుంది, అప్పుడు కూడా ఆస్పత్రిలో పెద్ద పంప్ ఉందా, అద్దెకి దొరుకుతుందా అని ముందు కనుక్కోండి.

నేను కొన్నది ఉద్యోగం కోసం. విజయవాడలో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో చేస్తాను. 2017లో చట్టం మార్చాక మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు జీతంతో సెలవు ఉంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (ఉద్యోగుల చంటిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది కానీ మా బ్రాంచిలో మేనేజరు నుంచి సెక్యూరిటీ దాకా లెక్కేసినా పాతిక మంది ఉండం. కాబట్టి క్రెష్ లేదు, పంపే దిక్కు. రికార్డ్ రూమ్‌లో గడియ పెట్టుకుని, పాత ఫైళ్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తీసేదాన్ని.

పుట్టింట్లో ఉన్నప్పుడు వదిన తన మాన్యువల్ పంప్, చేత్తో నొక్కేది, ఇచ్చింది. రొమ్ములు గట్టిపడి బిడ్డ పట్టుకోలేకపోయినప్పుడు కాసిని తీసి మెత్తబరచడానికి అది బాగా పనికొచ్చింది, కరెంటు అక్కర్లేదు, మొత్తం విడదీసి మరిగించుకోవచ్చు. కానీ రోజూ ఆఫీసులో దాంతో తీయాలంటే మణికట్టు పోతుంది. అందుకే సెలవు అయిపోవచ్చేసరికి రెండువైపులా ఒకేసారి తీసే ఎలక్ట్రిక్ పంప్ తీసుకున్నా, ఛార్జింగ్‌ది. ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది, కౌంటర్ ముందు క్యూ ఉన్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఒకవైపే తీసేది చవక అని దానికి వెళ్లొద్దు, టైము రెట్టింపు పడుతుంది.

బ్రాండు కన్నా ముందు చూడాల్సింది ఫ్లాంజ్ సైజు, అంటే రొమ్ముకి ఆనించే గరాటు. డబ్బాలో మామూలుగా 24 మి.మీ.ది వస్తుంది. నాకు అది పెద్దది, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి చర్మాన్ని కూడా లోపలికి లాగేసి ఎర్రగా కమిలిపోయేది. గరాటు లోపల పెట్టే 21 మి.మీ. ఇన్సర్ట్ విడిగా తెప్పించి వేశాక నొప్పి పోయింది, పాలు కూడా ఎక్కువ పడ్డాయి. సక్షన్ (లాగే బలం) పెంచితే పాలు పెరుగుతాయనేది వట్టిమాట. ముందు వేగంగా, తేలిగ్గా లాగే మోడ్‌లో పెట్టి, పాలు దిగడం మొదలయ్యాక నిదానంగా లాగే మోడ్‌కి మార్చాలి, అదీ నొప్పి తెలియనంత వరకే.

ఇంకోటి, పంప్‌లో ఉండే వాల్వ్. బొటనవేలి గోరంత సిలికాన్ ముక్క, కొసన సన్నటి చీలిక ఉంటుంది. వాడగా వాడగా ఆ చీలిక సాగిపోయి సరిగ్గా మూసుకోదు, లాగే బలం తగ్గిపోతుంది, మనమేమో పాలు తగ్గిపోయాయని టెన్షన్ పడి మెంతులు, వెల్లుల్లి, సొరచేప పిట్టు అంటూ మొదలుపెడతాం. వెలుతురుకి పెట్టి చూడండి. చీలికలోంచి వెలుగు కనిపిస్తే మార్చేయడమే. పంప్‌తో పాటే అదనంగా ఒక జత కొనిపెట్టుకోండి.

సీసాలో ఎంత పడిందో చూసి పాలు చాలట్లేదని తేల్చేసుకోవద్దు. బాగా తాగే బిడ్డ లాగినంతగా మోటారు మామూలుగా లాగలేదు, పైగా పాలిచ్చిన వెంటనే తీస్తే అడుగున కాసిని చుక్కలే ఉంటాయి. ఆరు నెలల లోపు బిడ్డకి మీరు దూరంగా ఉన్న ప్రతి గంటకీ సుమారు 30 మి.లీ. అని లెక్కేసుకుంటే సరిపోతుంది. ఫ్రీజర్ నిండా ప్యాకెట్లు పేర్చి వీడియోలు పెట్టేవాళ్లని చూసి పోటీకి వెళ్తే ఇంకా ఇంకా ఊరి, గడ్డలు కట్టి జ్వరం తెచ్చుకోవడమే.

తీసిన పాలు 25 డిగ్రీల లోపు ఉన్న గదిలో నాలుగు గంటలు ఉంటాయంటారు. మే నెల విజయవాడలో ఆ గది ఎక్కడుంది చెప్పండి! కాబట్టి ఐస్ ప్యాకులున్న బ్యాగు తప్పనిసరి, దాని ఖర్చు కూడా పంప్ ఖర్చులోనే వేసుకోండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు పెట్టుకోవచ్చు. వేడి చేయాలంటే గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పెట్టాలి తప్ప పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో కాదు.

మా అత్తగారు మొదట్లో "మిషన్ పెట్టి పిండటానికి నువ్వేమన్నా గేదెవా" అన్నారు. మా బాబేమో సీసా నోట్లో పెట్టనివ్వలేదు, ఎన్ని రకాల పీకలు మార్చినా అంతే. ఆఖరికి ఆవిడే అటక మీంచి ఉగ్గుగిన్నె దింపి, కడిగి మరిగించి, ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని కొంచెం కొంచెంగా తాగించారు. సీసా కన్నా అది కడగడం కూడా తేలిక.

ఏడాది దాటాక ఆఫీసులో తీయడం మెల్లగా తగ్గించి మానేశా, ఒకేసారి ఆపితే గడ్డలు కడతాయి. మోటారు ఇంకా బాగానే ఉంది. చిన్నాన్న కూతురు అడిగింది కానీ ఇవ్వలేదు, ఒక్కరే వాడాలని పంప్‌తో వచ్చిన పుస్తకంలోనే ఉంది. తనకింకా ఏడో నెలే, ఉద్యోగం కూడా ఇంటి నుంచే. అసలు ఏదీ కొనకుండా కాన్పు అయ్యేదాకా ఆగమన్నా.