రెండు ఆంపులు, ఒక గిటారు: ఆరేళ్ల వాడకం తర్వాత నా స్టీరియో రిగ్ (వాయిద్య అమరిక)

తార్నాకలో మేముండే అద్దె ఇంటి మూడో అంతస్తులో, 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న గదిలో, ఆరేళ్లుగా నేను ఒకే గిటారును రెండు ఆంపుల (గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టెల) ద్వారా వాయిస్తున్నాను. ఇప్పుడున్న అమరికలో రెండు ఫెండర్ బ్లూస్ జూనియర్ ఆంపులు, ధ్వనిని గరుకుగా మార్చే ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ (కాలితో నొక్కే చిన్న పరికరం), ఒకే వాయిద్యం రెండుగా పలికినట్లు చేసే బాస్ కంపెనీ వారి సీఈ-2డబ్ల్యూ కోరస్ పెడల్, ప్రతిధ్వనినిచ్చే ఒక స్టీరియో డిలే పెడల్, రొద ఆపడానికి నేనే తయారు చేసుకున్న ఒక చిన్న ఇనుప డబ్బా ఉన్నాయి. గిటారు నుంచి బయలుదేరిన సంకేతం ఓవర్‌డ్రైవ్ దాటి కోరస్‌లో రెండు పాయలుగా చీలి, డిలే మీదుగా ఎడమ, కుడి ఆంపులకు చేరుతుంది. బ్లూస్ జూనియర్‌కు ఎఫెక్ట్స్ లూప్ (పెడళ్లను ఆంప్ లోపలి దశల మధ్య కలిపే జాకులు) లేదు కాబట్టి పెడళ్లన్నీ ఆంప్ ముందే ఉండాలి. అందువల్ల ఆంపులను శుభ్రమైన ధ్వని దగ్గరే ఉంచి, గరుకుదనం కావలసినప్పుడు పెడల్ నుంచే తెచ్చుకుంటాను. ఈ రూపానికి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో చేసిన పొరపాట్లే ఈ సమీక్షలో ఎక్కువ చోటు తీసుకుంటాయి, ఎందుకంటే ఇందులో పెడళ్ల ఎంపిక కన్నా తీగలు, ఎర్త్, ఆంపుల స్థానాలు ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయని నాకు అనుభవంలో తెలిసింది.

మొదట నా దగ్గర ఒకే బ్లూస్ జూనియర్ ఉండేది. కుడి వైపుకు తెలిసినవారి దగ్గర చవకగా దొరికిన పాత ట్రాన్సిస్టర్ ఆంప్ ఒకటి పెట్టాను. రెండూ విడివిడిగా బాగానే పలికేవి గాని, కలిపి వాయిస్తే లావు తీగల శబ్దం ఎవరో పీల్చేసినట్లు సన్నబడిపోయేది. తప్పు పెడళ్లదని అనుమానించి నెల రోజులు వాటినే అటూ ఇటూ మార్చాను. అసలు కారణం వేరు. ఆంప్ లోపల మామూలు గెయిన్ స్టేజి (సంకేతాన్ని పెంచే దశ) ప్రతిదీ సంకేతాన్ని తలకిందులు చేస్తుంది, అలాంటి స్టేజీల సంఖ్య ఆంప్‌ను బట్టి మారుతుంది. ఒక స్పీకర్ ముందుకు వచ్చే క్షణంలో రెండోది వెనక్కి వెళ్తే బేస్ ఒకదానినొకటి కొట్టేసుకుంటుంది. దీన్ని పరీక్షించడం తేలిక: రెండు ఆంపులను పక్కపక్కన ఆనించి, 82 హెర్ట్జ్ దగ్గర పలికే లావు ‘ఈ’ (E) తీగను ఖాళీగా మీటి, రెండో ఆంప్ శబ్దాన్ని మెల్లగా పెంచాలి. బేస్ పెరగకుండా తగ్గితే అవి ఎదురుబొదురుగా ఉన్నట్లే. నేను ట్రాన్సిస్టర్ ఆంప్‌కు కరెంటు తీసేసి, దాని స్పీకర్ వెనక ఉన్న రెండు తీగలను తారుమారు చేశాను. పది నిమిషాల పని.

గుంయ్‌మనే హమ్ మాత్రం పది నిమిషాల్లో తేలలేదు. రెండు ఆంపులూ మూడు పిన్నుల ప్లగ్గుల ద్వారా ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంటాయి; వాటి కేబుళ్ల పైపొరలు మళ్లీ పెడల్ దగ్గర ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఇలా ఏర్పడిన పెద్ద వలయంలోకి గదిలోని కరెంటు తీగల నుంచి 50 హెర్ట్జ్ రొద వచ్చి చేరుతుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే వలయం చిన్నదై రొద కొంత తగ్గింది గాని పోలేదు. ఆ రోజుల్లో ఒక సౌండ్ ఆపరేటర్ నాకిచ్చిన సలహా, ఒక ప్లగ్గుకు ఎర్త్ పిన్ను పీకేయమని. రొద నిజంగానే ఆగుతుంది, అందుకే ఈ సలహా ఇంకా చలామణిలో ఉంది. కానీ గిటారు తీగలు బ్రిడ్జి (అవి ఆని ఉండే లోహపు భాగం) ద్వారా ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ఎర్త్ తెగిన పరికరంలో ఎక్కడైనా లీకేజీ వస్తే ఆ కరెంటుకు దారి మన చేతులూ, మైకుకు తగిలే పెదవులూ అవుతాయి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వీ వేదిక మీద ఎర్త్ సరిగా లేని మైకును పట్టుకుని ప్రాణాలు కోల్పోయాడు. ఎర్త్ పిన్ను జోలికి ఎవరూ వెళ్లకూడదు.

సరైన మార్గం, ఒక వైపు సంకేతాన్ని ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపడం. శబ్దం అయస్కాంత క్షేత్రం ద్వారా అవతలికి దాటుతుంది, ఎర్త్ తీగ మాత్రం అక్కడ తెగిపోతుంది. ఆంపులు రెండూ గోడ దగ్గర ఎర్త్‌తోనే ఉంటాయి. ఇందుకు రెడీమేడ్ పరికరాలు దొరుకుతాయి. నేను కోఠీ గుజరాతీ గల్లీలో 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్, రెండు జాకులు, ఒక ఇనుప డబ్బా కొని ఇంట్లో సోల్డరింగ్ చేసుకున్నాను. మొదటిసారి బిగించినప్పుడు రొద ఏమాత్రం తగ్గలేదు. కారణం తెలిశాక నవ్వొచ్చింది: రెండు జాకులూ లోహపువే కావడంతో, ట్రాన్స్‌ఫార్మర్ లోపల విడదీసిన ఎర్త్‌ను బయట డబ్బాయే మళ్లీ కలిపేస్తోంది. ఒక జాకును ప్లాస్టిక్ ఒళ్లున్న దానితో మార్చగానే కుళాయి కట్టేసినట్లు రొద ఆగిపోయింది. డబ్బా పెడళ్ల అడాప్టర్‌కు దగ్గరగా ఉంటే సన్నని గుంయ్ మళ్లీ వినిపిస్తుంది, దాన్ని దూరంగా జరిపినా పక్కకు తిప్పినా పోతుంది. చవక ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి సంకేతం గట్టిగా ఉన్నప్పుడు ఆ వైపు బేస్ కాస్త మెత్తబడుతుంది. ఆ లోపాన్ని ఆరేళ్లుగా భరిస్తూనే ఉన్నాను.

రొద పోయాక అసలు లోటు బయటపడింది. రెండు వేర్వేరు ఆంపులు కలిస్తే ధ్వని చిక్కబడుతుందని చాలామంది అంటారు, ఒకే పాట రెండింటిలోనూ పలుకుతున్నంతసేపు అది నిజమే. కానీ డిలే ప్రతిధ్వని ఎడమ నుంచి కుడికి దాటే కొద్దీ దాని స్వరూపమే మారిపోవడం, కుడివైపు ట్రెబుల్ ఎక్కువై ధ్వని చిత్రమంతా ఒక పక్కకు ఒరగడం నాకు నచ్చలేదు. మూడో ఏట ట్రాన్సిస్టర్ ఆంప్‌ను అమ్మేసి రెండో బ్లూస్ జూనియర్ కొన్నాను. ఒక్కొక్కటి 15 వాట్లు, 12 అంగుళాల స్పీకర్, రెండు ఈఎల్84 వాల్వులు (శబ్దాన్ని పెంచే గాజు గొట్టాలు). నేను ముందుగా ఊహించని లాభం వాటి స్ప్రింగ్ రివర్బ్‌లో (స్ప్రింగుల కదలికతో ధ్వని మారుమోగేలా చేసే ఏర్పాటులో) దొరికింది: రెండు ఆంపుల్లోని స్ప్రింగులు ఎప్పుడూ ఒకేలా కదలవు కాబట్టి, పెడళ్లన్నీ ఆపేసి సాదా సంకేతాన్ని రెండింటికీ ఇచ్చినా గది వెడల్పు పెరిగినట్లు వినిపిస్తుంది. నా మటుకు నాకు ఈ రిగ్‌లో అన్నిటికన్నా అందమైన ధ్వని అదే.

రెండు ఆంపుల మధ్య ఏడడుగుల దూరం ఉంచి, వాటిని కుర్చీల మీద చెవి ఎత్తుకు లేపి, నా వైపుకు కొంచెం తిప్పి పెట్టాను. నేల మీద ఉన్నప్పుడు 12 అంగుళాల స్పీకర్ నుంచి సూటిగా వచ్చే ట్రెబుల్ మోకాళ్లకే తగిలేది. గది మూలలకు మరీ దగ్గరైతే బేస్ బుడబుడలాడుతుంది.

వోల్టేజి సంగతి మన ఊళ్లలో వాడేవారికి తప్పక చెప్పాలి. వేసవి సాయంత్రాల్లో మా ఇంట్లో మీటరు 230కి బదులు 208 చూపిన రోజులున్నాయి. అప్పుడు 6.3 వోల్టులు అందవలసిన వాల్వు ఫిలమెంటుకు 5.7 మాత్రమే అందుతుంది, ధ్వని నీరసించి ముందుగానే చెదురుతుంది. రెండు ఆంపులకూ కలిపి ఒకే స్టెబిలైజర్ పెట్టాను; దాని రిలే టక్కుమన్నప్పుడల్లా స్పీకర్లలో చిన్న చప్పుడు వస్తుంది. నాలుగో ఏట ఎడమ ఆంప్‌లో ఒక ఈఎల్84 చిటపటలాడితే ఆ జత ఒక్కటే మార్చాను. ఎడమవైపు కొత్తగా, కుడివైపు పాతగా వినిపించడంతో వారం తిరగకుండా రెండో జతా మార్చవలసి వచ్చింది.

ఇంత శ్రమ పడలేనివారు రోలండ్ జేసీ-40 లాంటి స్టీరియో ఆంప్‌ను చూడవచ్చు. ఒకే పెట్టెలో రెండు 10 అంగుళాల స్పీకర్లు, స్టీరియో ఇన్‌పుట్ ఉంటాయి, ఎర్త్ వలయం బెడద అసలే ఉండదు. దాన్ని ఒక స్నేహితుడి ఇంట్లో చాలాసార్లు వాయించాను. స్పీకర్లు పక్కపక్కనే ఉండటంతో నాలుగైదు అడుగులు దాటి వెళ్తే స్టీరియో అనే భావం దాదాపు పోతుంది. దాని మూలపురుషుడు 1975లో వచ్చిన జేసీ-120. అందులో ఒక స్పీకర్ సాదా ధ్వనిని, రెండోది శ్రుతి సన్నగా ఊగే ధ్వనిని ఇస్తాయి, రెండూ గాలిలో కలిసి కోరస్ అవుతాయి. 1976 నాటి సీఈ-1 పెడల్ ఆ సర్క్యూట్ నుంచే పుట్టింది, నా సీఈ-2డబ్ల్యూలో ఉన్న ఒక అమరిక దానికి అనుకరణ. ఈ పద్ధతిలోని మేలు ఏమిటంటే రెండు పాయలనూ మళ్లీ ఒకటిగా కలిపినా కోరస్ కోరస్‌గానే మిగులుతుంది.

కోరస్ లేకుండా వెడల్పు తెచ్చుకోవడానికి నేను వాడిన చిట్కాకు ఆ మేలు లేదు. ఒక వైపు సంకేతాన్ని 10 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే గదిలో ధ్వని అద్భుతంగా విచ్చుకుంటుంది. అదే ధ్వనిని మిక్సర్‌లో ఒకటిగా కలిపితే 50, 150, 250 హెర్ట్జ్‌ల దగ్గర, ఆపైన కూడా వరుసగా గుంటలు పడతాయి. ఈ చిట్కాతో ఒక ఫంక్షన్ హాల్లో వాయించి, తర్వాత మిక్సర్ నుంచి తీసిన రికార్డింగ్ విన్నప్పుడు నా గిటారు ఖాళీ రేకు డబ్బాలో నుంచి పలుకుతున్నట్లుంది. హాళ్లలో చాలాచోట్ల సౌండ్ అంతా మోనోలోనే (ఎడమ, కుడి తేడా లేకుండా ఒకే పాయగా) నడుస్తుంది. పొరపాటున స్టీరియోలో పెట్టినా, ఎడమ వరసల్లో కూర్చున్నవారికి ఎడమ ఆంప్ ఒక్కటే వినిపిస్తుంది. ఇప్పుడు బయటికి ఎడమ ఆంప్‌ను మాత్రమే తీసుకెళ్తాను. లిఫ్టు లేని మూడంతస్తుల మెట్ల మీద సుమారు 14 కిలోల పెట్టెలు రెండింటిని దింపి, అందులో రెండోది ఎవరి చెవికీ చేరకుండానే అర్ధరాత్రి మళ్లీ పైకి మోసుకురావడం రెండుసార్లు చేశాక మానేశాను.