సర్వర్ మెయింటెనెన్స్ ఆటోమేషన్ ప్యాకేజీ తీసుకునేవాళ్లూ, ఒక్క నిమిషం ఆగండి

ఎవరి గురించో మీలో సగం మందికి ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. మన గ్రూపుల్లో వారానికోసారి "సర్వర్ మేం చూసుకుంటాం, మీరు హాయిగా నిద్రపోండి" అని పోస్టర్ వేసే బ్యాచ్. పేరు రాయను. నేను నిజంగానే హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

గబగబా చెప్పేస్తా. నాది గుంటూరు, పల్నాడు జిల్లాల్లో 14 ప్రైవేటు స్కూళ్లకి ఫీజుల సాఫ్ట్‌వేర్. అమెజాన్ క్లౌడ్, ముంబై, ఒకే ఒక్క సర్వర్, డేటాబేస్‌కి విడిగా ఒక డిస్కు. ఒంటరి మనిషిని. అప్‌డేట్లు, బ్యాకప్‌లు, డిస్కు నిండిపోవడాలు చూసుకోలేక గత నవంబర్‌లో వీళ్ల ప్యాకేజీ తీసుకున్నా. సెటప్‌కి రూ. 18,000, నెలకి రూ. 2,500. అంతా స్క్రిప్టులే (వాటంతటవే నడిచే చిన్న ప్రోగ్రాములు) నడుపుతాయి, మనిషి చెయ్యి పెట్టనక్కర్లేదు అన్నారు. అడ్మిన్ పర్మిషన్లన్నీ ఉన్న యాక్సెస్ కీ అడిగితే ఇచ్చేశా. ఇంటి తాళాలు కాదు, ఇంటి దస్తావేజులే చేతిలో పెట్టా.

రోజూ పొద్దున 7 గంటలకి వాట్సాప్‌లో ఆకుపచ్చ టిక్కు: "బ్యాకప్ సక్సెస్. హావ్ ఎ నైస్ డే." కాఫీ తాగుతూ ఆ టిక్కు చూసుకోవడం అలవాటైపోయింది. మా ఆవిడ అడిగింది కూడా, రోజూ అదేం మెసేజ్ అంత మురిసిపోతూ చూస్తారు అని.

సర్వర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 20.04కి 2025 మేతో మామూలు సపోర్టు అయిపోయింది కదా. 24.04కి మార్చేద్దాం, స్కూళ్లు జూన్ 12న తెరిచేలోపు పని అయిపోతుంది అన్నారు. మొన్న ఆదివారం రాత్రి 11 గంటలకి సైటు ఆపారు. "అన్నా, మీరు పడుకోండి. పొద్దున లేచేసరికి రెడీ." పడుకున్నా.

సోమవారం 6:30కి లేచి చూస్తే సైటు లేదు. ఫోన్ చేశా. ఎత్తలేదు. మళ్లీ చేశా. 7 గంటలకి ఠంచనుగా టిక్కు వచ్చింది, బ్యాకప్ సక్సెస్ అని. దాంతో కొంచెం ఊపిరి పీల్చుకున్నా, ఏదైనా అయితే బ్యాకప్ ఉందిగా అని. 7:30 లోపు మొత్తం 11 సార్లు చేశా. ఎత్తింది 9:40కి, ఆవలిస్తూ.

"సార్, అమెజాన్ వైపు డిస్క్ ఫెయిల్ అయింది సార్. హార్డ్‌వేర్ కదా, మన చేతిలో ఉండదు."

ఇక్కడ ఒక మాట. ప్యాకేజీ అమ్మేటప్పుడు నేను వీళ్లకి "అన్నా". డబ్బు కట్టాక "బ్రో". డేటా పోయిన పొద్దున "సార్". ఆ పిలుపు మారినప్పుడే నాకు గుండె జారింది.

సరే, బ్యాకప్ వేసెయ్యండి అన్నా. అటునుంచి చప్పుడు లేదు. "చెక్ చేసి కాల్ చేస్తాం సార్." మధ్యాహ్నం దాకా కాల్ లేదు. ఇక నేనే అమెజాన్ కన్సోల్ (అకౌంట్ నడుపుకునే పేజీ) తెరిచి క్లౌడ్‌ట్రయల్‌లోకి వెళ్లా. తెలియనివాళ్లకి: మీ అకౌంట్‌లో ఎవరు ఏ బటన్ నొక్కారో, ఏ స్క్రిప్టు ఏం చేసిందో 90 రోజుల చిట్టా అందులో ఉంటుంది, ఉచితంగానే. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా తెరవలేదు నేను.

ఆదివారం రాత్రి 11:22కి డేటా డిస్కుని పాత సర్వర్ నుంచి ఊడదీశారు. తర్వాత కొత్త సర్వర్‌కి తగిలించడానికి మూడుసార్లు ప్రయత్నం, మూడూ ఫెయిల్. కారణం ఎర్రర్‌లోనే రాసుంది, జోన్ మిస్‌మ్యాచ్ (జోన్ అంటే ఒకే ఊళ్లో విడివిడిగా ఉండే డేటా సెంటర్లు). డిస్కు ఉన్నది ముంబైలో 'ఎ' జోన్‌లో, వీళ్లు కొత్త సర్వర్ లేపింది 'బి'లో. ఒక జోన్‌లో డిస్కు ఇంకో జోన్ సర్వర్‌కి తగలదు. స్నాప్‌షాట్ (డిస్కు మొత్తానికి కాపీ) తీసి అవతల కొత్త డిస్కు చేసుకోవాలి. ఇది మొదటివారం పాఠం. నిపుణులకి 11:40కి నిద్రొచ్చినట్టుంది, పొద్దున చూద్దాం అని వదిలేసి పడుకున్నారు.

ఆ తర్వాతి లైను చూసి అసలు విషయం అర్థమైంది. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) 02:00:04. డిలీట్‌వాల్యూమ్, అంటే డిస్కు చెరిపెయ్యడం. చేసింది వాళ్ల సొంత క్లీనప్ స్క్రిప్టు!

ఎవరూ వాడని డిస్కులకి కూడా నెలనెలా చార్జీ పడుతుంది కాబట్టి, ఏ సర్వర్‌కీ తగిలించకుండా ఉన్నవాటిని వెతికి చెరిపేసే స్క్రిప్టు ఒకటి పెట్టారు. ఫిబ్రవరిలో దాని పుణ్యమా అని బిల్లులో ఆరొందలు తగ్గితే శభాష్ అని మెసేజ్ కూడా పెట్టా. ఆ స్క్రిప్టుకి నా డేటా డిస్కు అనాథలా కనిపించింది. ఎప్పట్నుంచి ఊడి ఉంది, ఎవరిది, ఏ లేబులూ చూడదది. మింగేసింది. వీళ్లు ఊడదీసిన డిస్కుని వీళ్ల చీపురే ఊడ్చేసింది.

రాత్రి రెండింటికి పెట్టాం అన్న పని అది. సర్వర్ గడియారం యూటీసీలో ఉందని మరిచిపోయారు. అక్కడి 2 గంటలంటే మనకి పొద్దున 7:30. అంటే నేను 11 సార్లు ఫోన్ చేస్తున్న ఆ గంటసేపూ డిస్కు బతికే ఉంది. కన్సోల్‌లో చక్కగా "అవైలబుల్" అని కనిపిస్తూ ఉంది. లాగిన్ నా దగ్గరే ఉంది, ల్యాప్‌టాప్ నా ముందే ఉంది. పాత సర్వర్‌కి తిరిగి తగిలించడానికి నాలుగు క్లిక్కులు. నేను టిక్కు చూసుకుంటూ కూర్చున్నా.

సాయంత్రం ఆ లైను స్క్రీన్‌షాట్ పంపి ఫోన్ చేశా. హార్డ్‌వేర్ ఫెయిల్యూర్ అన్నారే, ఇదేంటి అని. రెండు సెకన్లు మౌనం. తర్వాత అన్నమాట యథాతథంగా: "డిలీట్ పర్మిషన్ ఇచ్చింది మీరే కదా సార్. మీరివ్వకపోతే స్క్రిప్టు ఎలా చేస్తుంది?"

ఇది విన్నాక నాకు కోపం కూడా రాలేదు కాసేపు. పొద్దున చెప్పిన అబద్ధానికి సిగ్గు లేదు, సారీ లేదు. తప్పు తాళం ఇచ్చినవాడిది!

బ్యాకప్ సంగతి అడిగా. "ఫైల్స్ ఉన్నాయి సార్, కానీ ఓపెన్ అవట్లేదు." చూశా. ఏడు రోజులవి ఏడు ఫైళ్లు. ఒక్కొక్కటి 20 బైట్లు. 20 బైట్లంటే తెలుగులో "నాశనం" అని రాసుకోవచ్చు, ఇంకా 5 బైట్లు మిగుల్తాయి.

ఏం జరిగిందంటే, ఫిబ్రవరిలో మా కుర్రాడొకడు మానేస్తే డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చా. వీళ్లకి మెసేజ్ పెట్టా. "నోటెడ్ సార్" అన్నారు, నీలం టిక్కులు ఇప్పటికీ ఉన్నాయి. నోట్ చేసుకున్నారు, స్క్రిప్టులో మార్చలేదు. ఆ రోజు నుంచీ డంపు (డేటాబేస్‌ని ఫైలుగా కాపీ తీయడం) ఫెయిలే. దాని వెనక పైపులో (ఒక కమాండ్ ఇచ్చింది ఇంకో కమాండ్‌కి అందించే గొలుసు) ఉన్న జీజిప్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రాం మాత్రం ఖాళీనే శ్రద్ధగా జిప్ చేసి 20 బైట్ల ఫైలు చేసి, పనైపోయింది అని చెబుతుంది. స్క్రిప్టు ఆ ఆఖరి జవాబు ఒక్కటే విని టిక్కు పంపుతుంది. ఏడు రోజులు దాటినవి చెరిపెయ్యమని ఇంకో రూలు కదా, వారంలో మంచి కాపీలన్నీ పోయాయి. స్నాప్‌షాట్‌లు? "ఖర్చు తగ్గిద్దామని ఆపేశాం సార్."

2017లో గిట్‌ల్యాబ్ (ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సైటు) వాళ్లకి ఇలాగే అయింది. పొరపాటున అసలు డేటాబేసే చెరిపేసి, బ్యాకప్‌ల కోసం చూస్తే డంపు ఎప్పట్నుంచో వెర్షన్ తేడాతో ఫెయిలవుతోంది, ఫెయిలైందని చెప్పే మెయిళ్లేమో చేరనే లేదు. ఆరు గంటల డేటా పోయింది వాళ్లకి. అప్పట్లో చదివి, ఇంత పెద్ద కంపెనీ ఇలానా అని నవ్వుకున్నా. నాకు సంక్రాంతి సెలవుల్లో ల్యాప్‌టాప్‌లోకి దించుకున్న కాపీ ఒక్కటే మిగిలింది. దాదాపు ఐదు నెలలు గోవిందా.

మంగళవారం పొద్దున 7 గంటలకి మళ్లీ వచ్చింది టిక్కు. బ్యాకప్ సక్సెస్. డేటాబేసే లేదు, దేనికయ్యా బ్యాకప్!

రికవరీ స్పెషలిస్టు ఉన్నాడు, పదిహేను వేలు అవుతుంది అన్నారు. చెరిగిపోయిన ఆ డిస్కులోంచి ఎవడేం తీస్తాడో వాళ్లకే తెలియాలి. గ్రూపులో అడిగితే నా పోస్టు తీసేశారు, అడ్మిన్ వాళ్ల మనిషే.

నిన్న తెనాలి స్కూలుకి వెళ్లా, రసీదు పుస్తకాల కోసం. అక్కడి అకౌంటెంటు మేడం బీరువాలోంచి ఒక పొడుగు పుస్తకం తీశారు. రోజూ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాక మళ్లీ చేత్తో రాసుకుంటారట. పేరు, తరగతి, టర్ము, అంకె, ఎర్ర ఇంకుతో మొత్తం. "మీ కంప్యూటర్ మీద నమ్మకం లేక కాదండీ, అలవాటు" అన్నారు. పోయినేడు ఆవిణ్ని ఆ పుస్తకం మానెయ్యమన్నది నేనే. ఒక్క స్కూలు బయటపడింది. ఇంకా 13.

తీసుకునేవాళ్లకి నాలుగు మాటలు. టిక్కు కాదు, ఫైలు సైజు చూడండి. నెలకోసారి బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో తెరిచి చూడండి. బయటివాళ్ల కీకి డిలీట్ పర్మిషన్ ఇవ్వొద్దు. క్లీనప్ స్క్రిప్టు ఏదైనా మొదట లిస్టు మాత్రమే పంపాలి, చెరిపేది మీరు సరే అన్నాకే. పైపులో డంపు ఉంటే పైప్‌ఫెయిల్ (గొలుసులో ఏది ఫెయిలైనా మొత్తం ఫెయిలని చెప్పే సెట్టింగ్) పెట్టించండి. గడియారం ఏ దేశానిదో అడగండి.

పేరు చెప్పమని కింద అడక్కండి, లాయరు వద్దన్నాడు. రేపు నరసరావుపేట వెళ్తున్నా, అక్కడ రసీదు పుస్తకాలు రెండు గోనెసంచులున్నాయట. ఆ చుట్టుపక్కల టైపింగ్ వచ్చినవాళ్లెవరైనా ఖాళీగా ఉంటే మెసేజ్ పెట్టండి, రోజుకింతని ఇస్తా, భోజనం నాదే.